పసుపు గడియారం ఎలా అయింది?

1985లో ఒకదానితో ఒకటి పొత్తు లేని నాలుగు సంగతులు జరిగాయి. జెబెల్ అలీ రేవును ఆనుకుని దుబాయ్ ప్రభుత్వం ఫ్రీ జోన్ తెరిచింది. మైక్రోసాఫ్ట్ కంపెనీ మెకింటాష్ యంత్రాల కోసం ఎక్సెల్ తొలి రూపాన్ని అమ్మకానికి పెట్టింది. అదే కంపెనీ నవంబరులో విండోస్ మొదటి వెర్షన్ విడుదల చేసింది. కంప్యూటర్లు దశాంశ సంఖ్యలను ఎలా దాచుకోవాలో చెప్పే ఐఈఈఈ 754 ప్రమాణం ఖరారైంది. ఈ నాలుగూ ఇవాళ ఒకే బల్ల మీద కలుస్తున్నాయి. ఆ బల్ల ఫ్రీ జోన్‌లో ఏదో ఒక ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఆఫీసుది. దాని ముందు కూర్చున్న డాక్యుమెంటేషన్ గుమాస్తాది ఏ జగిత్యాలో, ఏ అమలాపురమో అయితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

జెబెల్ అలీ రేవు 1979లో మొదలైంది. 2024లో అక్కడ దాదాపు 1.55 కోట్ల టీఈయూల సరుకు చేతులు మారింది. ఇరవై అడుగుల కంటైనర్ ఒకటి ఒక టీఈయూ. ఓడ మీది పెట్టెను దించడం క్రేన్‌కు నిమిషాల పని. ఆ పెట్టె గేటు దాటాలంటే మాత్రం మ్యానిఫెస్ట్‌లో దాని వివరం ఉండాలి, షిప్పింగ్ లైన్ డెలివరీ ఆర్డర్ ఇవ్వాలి, కస్టమ్స్ డిక్లరేషన్ పాస్ కావాలి, లారీకి టోకెన్ దొరకాలి. ఇవన్నీ కీబోర్డు మీద జరిగే పనులు. ఎక్కడో ఒక చోట తెర మొరాయిస్తే ఫోన్ మోగుతుంది.

“అన్నా, టోకెన్ అచ్చిందా? గేటు కాడ బండి పెట్టుకొని కూసున్న.”

“పేజీ ఓపెన్ అయితలేదు తమ్మీ. చక్రం తిరుగుతనే ఉన్నది.”

ఇలాంటి విసుగును ఆఫీసుల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పాత సాఫ్ట్‌వేరే బాగుందని గుమాస్తా అంటే కొత్తది నేర్చుకోవడానికి బద్ధకమని మేనేజరు అనుకుంటాడు. ఆ విసుగులో చాలా భాగాన్ని సెకన్లలో కొలవవచ్చని, మానవ-యంత్ర సంబంధాల శాస్త్రం నలభై ఏళ్లకు పైగా కొలుస్తూనే ఉందని చెప్పడమే ఈ అధ్యాయం పని.

ఎక్సెల్ మింగిన సున్నా

కస్టమ్స్ దృష్టిలో ప్రతి సరుకూ ఒక అంకెల వరుస. హెచ్‌ఎస్ కోడ్ అనే ఆ వరుసలో మొదటి ఆరు అంకెలు ఆ పద్ధతిని పాటించే దేశాలన్నిటికీ ఉమ్మడి. మొదటి రెండంకెలు అధ్యాయాన్ని చెబుతాయి, నాలుగంకెలు శీర్షికను చెబుతాయి. ఎండుమిరప 0904, పసుపు 0910, మామిడి 0804, రొయ్య 0306. బియ్యం (1006) లాంటివాటిని పక్కన పెడితే, తెలుగు నేల నుంచి ఓడెక్కే ఈ నాలుగు సరుకులూ సున్నాతోనే మొదలవుతాయి.

ఎగుమతిదారు పంపిన జాబితా సీఎస్‌వీ ఫైలుగా వచ్చిందనుకుందాం. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ తెరుచుకుంటుంది. పసుపు కోడ్ 091030 కాస్తా 91030 అయి కూర్చుంటుంది. ఎక్సెల్ అడగలేదు, చెప్పలేదు. ఫైలును అలాగే సేవ్ చేస్తే పోయిన సున్నా మరి తిరిగి రాదు. ఇప్పుడు మొదటి రెండంకెలు చూస్తే 91వ అధ్యాయం, అంటే గడియారాలది. 9103 అనే శీర్షిక నిజంగానే ఉంది, అది చేతిగడియారపు యంత్రంతో నడిచే చిన్న గడియారాలకు కేటాయించింది. పసుపు గడియారం అయింది ఇలాగే. మిరప 90వ అధ్యాయంలోకి, అంటే కటకాలు, కొలత పరికరాల సరసకు పోతుంది. రొయ్య 30వ అధ్యాయానికి, మందుల దుకాణానికి చేరుతుంది. అంకెలు తక్కువయ్యాయని కస్టమ్స్ పోర్టల్ తిప్పికొడితే మేలు. అప్పుడు పోయేది కాసేపటి సమయమే.

ఎందుకిలా? ఎక్సెల్ పుట్టింది లెక్కల కోసం. అంకెల్లా కనిపించిన ప్రతిదాన్నీ అది సంఖ్య అనుకుంటుంది. సంఖ్యకు ముందు సున్నా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కానీ హెచ్‌ఎస్ కోడ్‌ను ఎవరూ కూడరు, సగటు తీయరు. కూడికకు పనికిరాని అంకెల వరుస సంఖ్య కాదు, పేరు. పేరులో మొదటి అక్షరం తీసేసే హక్కు ఎవరికీ లేదు.

ఇందులోనే ఇంకో లోతు ఉంది. యూఏఈ గుర్తింపు కార్డైన ఎమిరేట్స్ ఐడీ నంబరులో 15 అంకెలుంటాయి. అది 784తో మొదలవుతుంది, అంతర్జాతీయ ప్రమాణంలో యూఏఈకి ఇచ్చిన సంఖ్య అదే. దాన్ని గీతలు లేకుండా ఎక్సెల్ గడిలో కొడితే 7.84ఈ+14 లాంటి వింత రూపం కనిపిస్తుంది. భయపడనక్కర్లేదు, లోపల అంకెలన్నీ భద్రంగానే ఉంటాయి. ఐఈఈఈ 754 పద్ధతిలో ఒక సంఖ్యకు 64 బిట్ల చోటు దొరుకుతుంది. అందులో అంకెల కచ్చితత్వానికి మిగిలేది 53 బిట్లు. దశాంశ పద్ధతిలో అది 15 అంకెలకు పూచీ పడుతుంది. అందుకే ఎక్సెల్ 15 దగ్గర గీత గీసింది. ఎమిరేట్స్ ఐడీ ఆ గీత అంచున బతికిపోయింది. బ్యాంకు కార్డులో 16 అంకెలు కాబట్టి చివరి అంకె సున్నాగా మారిపోతుంది, మళ్లీ చెప్పకుండానే.

ఈ బాధ గుమాస్తాలది మాత్రమే కాదు. సెప్ట్, మార్చ్ అని మొదలయ్యే జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని జీవశాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యుశాస్త్ర పత్రాల్లో దాదాపు ఐదోవంతులో ఈ తప్పు ఉందని 2016లో ఒక పరిశోధన తేల్చింది. చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చారు. ఇలాంటి మార్పిడిని ఆపుకొనే వీలును మైక్రోసాఫ్ట్ 2023లో అందరికీ ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ మారేదాకా ఆగలేక శాస్త్రమే సర్దుకుపోయిందన్నమాట.

శుక్రవారం ఎవరిది?

సాఫ్ట్‌వేర్ ఊహలన్నీ అంకెల గురించే ఉండవు. వారం గురించి కూడా ఉంటాయి. ఎక్సెల్‌లో పనిదినాలు లెక్కగట్టే నెట్‌వర్క్‌డేస్ ఫంక్షన్‌కు ప్రపంచమంతా శని, ఆదివారాలే సెలవు. యూఏఈలో 2006 దాకా ప్రభుత్వ ఆఫీసులకు గురు, శుక్రవారాలు సెలవు. ఆ తర్వాత శుక్ర, శనివారాలు. వారాంతాన్ని మనమే ఎంచుకునే కొత్త రూపం 2010 ఎక్సెల్‌తో వచ్చింది. అందులో శుక్ర-శనికి అంకె 7, శని-ఆదికి అంకె 1.

2022 జనవరిలో యూఏఈ శని, ఆదివారాలకు మారింది, శుక్రవారం ప్రభుత్వ ఆఫీసులకు సగం పూట. బిల్లు గడువులు, డెమరేజ్ (ఆలస్య రుసుము) లేని రోజులు లెక్కవేసే పాత షీట్లలో 7 అలాగే ఉండిపోతే అవి ఏ ఎర్ర గుర్తూ చూపించవు. తప్పు తేదీని నిబ్బరంగా చెబుతూ పోతాయి. దుబాయ్ పక్కనే ఉన్న షార్జా ఎమిరేట్ మాత్రం శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవన్నది. దానికి 0000111 అని ఏడు అక్షరాల వరుస ఇస్తే సరిపోతుంది, సోమవారంతో మొదలుపెట్టి పనిరోజుకు 0, సెలవుకు 1. మరి సగం పూట శుక్రవారానికి? దానికి అంకె లేదు. రోజంటే పనిరోజో, సెలవో, రెండిట్లో ఒకటే అయి ఉండాలని ఆ ఫంక్షన్ నమ్మకం.

ఊహించకుండా అనుమానించడం

ఇదే బల్ల మీద ఎక్సెల్‌కు పూర్తిగా ఎదురు స్వభావమున్న వస్తువు ఇంకొకటి ఉంది, కంటైనర్ నంబరు. ఐఎస్ఓ 6346 ప్రమాణం ప్రకారం దానిలో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, ఆ పైన పెట్టె మీద గడి గీసి రాసే ఒక పరీక్షాంకె ఉంటాయి. పరీక్షాంకె పని ఒక్కటే, ముందున్న పదింటినీ అనుమానించడం.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. సీ, ఎస్, క్యూ, యూ అనే అక్షరాలు, తర్వాత 305438. అక్షరాలకు 10 నుంచి వరుసగా విలువలిస్తారు, అయితే 11, 22, 33లను వదిలేస్తారు. ఆ లెక్కన మన నాలుగు అక్షరాలకు 13, 30, 28, 32 వస్తాయి. ఇప్పుడు పది స్థానాలనూ వరుసగా 1, 2, 4, 8, 16 అంటూ 512 దాకా రెట్టింపవుతూ పోయే బరువులతో గుణించి కూడితే 6185. దాన్ని 11తో భాగిస్తే శేషం 3. పరీక్షాంకె 3.

హడావుడిలో గుమాస్తా 305438ని 350438 అని కొట్టాడనుకోండి. కూడిక 6025కు మారుతుంది, శేషం 8 అవుతుంది. పెట్టె మీద 3 ఉంది కాబట్టి సాఫ్ట్‌వేర్ అక్కడే ఆపేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారు కావడం టైపింగ్‌లో తరచుగా జరిగే తప్పు. స్థానానికో బరువు పెట్టింది దాన్ని పట్టుకోవడానికే. అన్నిటికీ ఒకే బరువుంటే తారుమారైనా కూడిక మారేది కాదు. ఈ పద్ధతిలోనూ చిన్న లొసుగు ఉంది. శేషం 10 వస్తే పరీక్షాంకెను 0గా రాస్తారు, శేషం 0 వచ్చినా 0 గానే రాస్తారు. అందుకే శేషం 10 వచ్చే వరుసలను వాడకపోవడం మంచిదని ప్రమాణమే సలహా ఇస్తుంది.

ఎక్సెల్‌కూ పరీక్షాంకెకూ తేడా ఇక్కడుంది. ఒకటి మనిషి ఉద్దేశాన్ని ఊహించి తనంతట తానే దిద్దుతుంది. రెండోది దేన్నీ దిద్దదు, సరిచూసుకోమని చెప్పి ఆగుతుంది. మొదటిదాని మీద వచ్చేంత కోపం రెండోదాని మీద ఎవరికీ రాదు.

కనిపించని మోడ్

గల్ఫ్ ఆఫీసు కంప్యూటర్లలో ఇంగ్లిషు, అరబ్బీ కీబోర్డులు రెండూ ఉండటం మామూలే. ఎడమ ఆల్ట్‌నూ షిఫ్ట్‌నూ కలిపి నొక్కితే ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంది. వేగంగా కొట్టేటప్పుడు ఆ రెండు మీటల మీదా వేళ్లు పడనే పడతాయి. ఎఫ్ కొడితే అరబ్బీ ‘బా’ పడుతుంది. కుడి కంట్రోల్, షిఫ్ట్ కలిశాయంటే వాక్యమంతా కుడిగట్టుకు జరిగి కూర్చుంటుంది. అక్షరాలు కనిపించే చోట వెంటనే తెలిసిపోతుంది. పాస్‌వర్డ్ గడిలో చుక్కలే కదా కనిపించేది. కొన్నిసార్లు తప్పు కొట్టేసరికి ఖాతా లాక్ అవుతుంది, ఐటీ వాళ్లకు ఫోన్ చేయాలి.

ఒకే మీట వేర్వేరు సమయాల్లో వేర్వేరు పనులు చేస్తే ఆ స్థితిని మోడ్ అంటారు. మోడ్ మారిన సంగతి కళ్లకు ఆనకపోతే తప్పు జరిగి తీరుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ నార్మన్ 1980ల మొదట్లోనే వివరించాడు. జిరాక్స్ పరిశోధనశాలలో పనిచేసి, కట్-కాపీ-పేస్ట్‌కు రూపమిచ్చిన వాళ్లలో ఒకడైన లారీ టెస్లర్‌కు మోడ్‌ల మీద ఎంత పగంటే, కారు నంబరు పలక మీద కూడా ‘నో మోడ్స్’ అని రాయించుకున్నాడు. ఏ భాషలో కొడుతున్నామో విండోస్ చెబుతుంది, తెర కింద కుడి మూలన రెండు మూడు చిన్న అక్షరాల్లో. టైపు చేసేవాడి చూపు ఆ సమయంలో అక్కడ ఉండదు.

అరబ్బీ, ఇంగ్లిషు ఒకే వరుసలో కలిస్తే ఇంకో చిక్కు. అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, అందులోని అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే. ఏది ఎటు నడవాలో యూనికోడ్ నియమాలు తేలుస్తాయి. అరబ్బీ మాటల తర్వాత తేదీని 05/07/2025 అని వాలుగీతలతో రాస్తే ఆ నియమాల ప్రకారం అలాగే కనిపిస్తుంది. అదే తేదీని 05-07-2025 అని అడ్డుగీతలతో రాస్తే తెర మీద 2025-07-05గా తిరగబడుతుంది. వాలుగీతను నియమం అంకెల మధ్య అతుకుగా చూస్తుంది, అరబ్బీ పక్కన ఉన్న అడ్డుగీతను అలా చూడదు. దాచిన సమాచారం మారలేదు, కనిపించేది మారింది. సంగతి తెలియనివాడు దాన్ని చేత్తో సరిదిద్దాడంటే అప్పుడు నిజంగానే చెడుతుంది.

వేళ్ల లెక్క

ఇక పాత తెరల మీద మమకారం సంగతి. ఐబీఎం 1988లో తెచ్చిన ఏఎస్/400 యంత్రాలు, వాటి నల్ల తెర మీది ఆకుపచ్చ అక్షరాలు గిడ్డంగుల్లో, షిప్పింగ్ ఆఫీసుల్లో పనిచేసిన పాతకాపులకు బాగా తెలుసు. మౌస్ లేదు, బొమ్మలు లేవు. ట్యాబ్, ఎంటర్, ఎఫ్ మీటలు, అంతే. దాని స్థానంలో బ్రౌజర్‌లో నడిచే అందమైన పేజీ వస్తే, చేయి తిరిగినవాళ్లే ఎక్కువగా సణుగుతారు.

స్టువర్ట్ కార్డ్, థామస్ మోరాన్, అలెన్ న్యూవెల్ అనే ముగ్గురు పరిశోధకులు 1980లో ఈ సణుగుడును లెక్కకట్టే పద్ధతి చెప్పారు. అలవాటైన చేతికి ఒక మీట నొక్కడానికి సుమారు 0.2 సెకను, చేయి కీబోర్డు నుంచి మౌస్‌కు పోవడానికి 0.4, బాణం గుర్తును గురి దగ్గరకు చేర్చడానికి 1.1. ఒక గడి నుంచి మరో గడికి మౌస్‌తో పోవాలంటే చేయి జరగాలి, గురి చూడాలి, క్లిక్ చేయాలి, చేయి వెనక్కి రావాలి. మొత్తం 2.1 సెకన్లు. ట్యాబ్ మీటతో అయితే 0.2. ముప్పై గడులున్న ఫారంలో తేడా 57 సెకన్లు. రోజుకు నలభై ఫారాలు నింపే గుమాస్తా అయితే 38 నిమిషాలు. కొత్త పేజీ తయారుచేసినవాళ్లు ట్యాబ్ వరుసను పట్టించుకోకపోతే ఆ 38 నిమిషాలూ పోయినట్టే. ఆయన సాయంత్రం ఆలస్యంగా కంపెనీ బస్సు ఎక్కడానికి కారణం బద్ధకం కాదు, గుణకారం.

ఈ పద్ధతికి పెద్ద పరీక్ష అమెరికాలో నైనెక్స్ అనే టెలిఫోన్ కంపెనీలో జరిగింది. ఆపరేటర్లకు కొత్త వర్క్‌స్టేషన్లు కొనాలనుకున్నారు. కొత్త తెర వేగమైనది, నొక్కాల్సిన మీటలు తక్కువ. ఒక్కో కాల్‌కు సగటున ఒక సెకను మిగిలితే ఏడాదికి 30 లక్షల డాలర్ల ఆదా. వేన్ గ్రే, బోనీ జాన్, మైఖేల్ అట్‌వుడ్ అనే పరిశోధకులు ప్రతి కదలికనూ విడదీసి లెక్కవేసి, కొత్త యంత్రం సుమారు 3 శాతం నెమ్మది అని చెప్పారు. అసలు ఆపరేటర్ల మీద పెట్టి చూస్తే దాదాపు అంతే వచ్చింది. కారణం ఇదీ: తగ్గించిన మీటలు ఆపరేటర్ ఎలాగూ అవతలి మాట వింటూ ఖాళీగా ఉన్న వేళవి. కాల్ చివర, అందరూ ఎదురుచూసే చోట మాత్రం ఒక మీట అదనంగా వచ్చి చేరింది. 1993లో అచ్చయిన ఈ అధ్యయనం చదివితే, మీటలు తగ్గించామన్న అమ్మకందారు మాటలో నిజమున్నా లాభం లేకపోవచ్చని అర్థమవుతుంది.

విండోస్ 11 వచ్చినప్పటి గొడవకూ ఇలాంటి లెక్కే ఉంది. 1995లో ఎడమ మూలన పుట్టిన స్టార్ట్ బటన్‌ను 2021లో మధ్యకు జరిపారు. గురి ఎంత దూరం, ఎంత పెద్దది అన్న నిష్పత్తిని బట్టి దాన్ని అందుకునే సమయం ఉంటుందని పాల్ ఫిట్స్ 1954లో నిరూపించాడు. తెర మూల ఈ లెక్కలో చాలా పెద్ద గురి. చూడకుండా మౌస్‌ను ఆ మూలకు విసిరినా బాణం గుర్తు గట్టు దగ్గర ఆగుతుంది. మధ్యలో ఉన్న బటన్‌కు ఆ సదుపాయం తక్కువ. పైగా కొత్త కిటికీలు తెరిచేకొద్దీ అది ఎడమకు జరుగుతూ ఉంటుంది. సెట్టింగ్స్‌లో మళ్లీ ఎడమకు పెట్టుకోవచ్చు. మొదటి రోజే ఆ పని చేసినవాళ్ల చేతులు ఫిట్స్ చెప్పిందే చెప్పాయి.

మారడం ఎందుకు కష్టం?

ఇంత విసుగున్నా ఆఫీసులు విండోస్‌ను వదలవు. ఇది గుమాస్తా ఇష్టం కాదు, చాలా మంది ఇష్టాలు ఒకదానికొకటి ముడిపడ్డ ఫలితం. మ్యూనిక్ నగరపాలక సంస్థ 2000ల మధ్య నుంచి వేలాది కంప్యూటర్లను లినక్స్‌కు మార్చింది, 2017లో విండోస్‌కు తిరిగి వెళ్లాలని తీర్మానించింది. మన యంత్రం మారితే చాలదు, మనకు ఫైళ్లు పంపేవాళ్లూ మారాలి.

అందరూ ఒకే దారిన నడిస్తే గుంత కూడా అందరికీ ఒకటే. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రాం విండోస్ యంత్రాల ద్వారా మెర్స్క్ షిప్పింగ్ కంపెనీని ముంచెత్తింది. ముంబై పక్క జేఎన్‌పీటీ రేవులో ఆ కంపెనీ టెర్మినల్ కూడా చిక్కుకుంది. 45,000 కంప్యూటర్లు, 4,000 సర్వర్లు పది రోజుల్లో కొత్తగా నింపుకోవాల్సి వచ్చిందని కంపెనీ ఛైర్మన్ చెప్పారు. కరెంటు పోయి ఘనా ఆఫీసులో ఆగిపోయిన ఒక సర్వర్ వల్లే మిగతా నెట్‌వర్క్‌ను తిరిగి కట్టుకోగలిగారు. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన తప్పు అప్‌డేట్‌కు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో పడకేశాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

స్టాప్‌వాచ్ పెట్టండి

జనం మార్పును ఒప్పుకోరన్న మాట ఆఫీసుల్లో తరచుగా వినిపిస్తుంది. గల్ఫ్ ఆఫీసుల్లో వాట్సాప్ వాడకం దానికి సమాధానం. దానికి శిక్షణ తరగతులు పెట్టలేదు, సర్క్యులర్ రాలేదు. లారీ డ్రైవర్ నుంచి షిప్పింగ్ మేనేజర్ దాకా అందరూ దాన్ని తమంతట తామే ఎత్తుకున్నారు. మెర్స్క్ సిబ్బంది కూడా 2017లో ఆ కష్టకాలాన్ని గట్టెక్కడానికి దాన్నే పట్టుకున్నారు. పరిశోధకులు జాన్ కారల్, మేరీ బెత్ రాసన్ 1987లో ఒక సంగతి గమనించారు. మనుషులు సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఆఫీసుకు రారు, చేతిలో ఉన్న పని ముగించడానికి వస్తారు. వాట్సాప్‌లో లాగా పని త్వరగా తెమిలే దారి కనిపిస్తే ఎవరూ చెప్పకుండానే అటు మళ్లుతారు.

కాబట్టి కొత్త సాఫ్ట్‌వేర్ కొనే ముందు చేయాల్సింది పెద్ద ఖర్చు లేని పని. రోజూ ఎంట్రీలు కొట్టే ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి, నిజమైన డిక్లరేషన్లే పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ నింపమనాలి. పక్కన స్టాప్‌వాచ్ పెట్టాలి. చేయి మౌస్‌కు ఎన్నిసార్లు పోయిందో, ముందు సున్నా మిగిలిందో లేదో, తప్పు కొడితే తెర ఆపిందా లేక తానే దిద్దేసిందా రాసుకోవాలి. కొత్తది నెగ్గితే ఆ గుమాస్తాలే పాతదాన్ని ముందుగా వదిలేస్తారు. ఓడితే మాత్రం ఒప్పందం మీద సంతకం పెట్టేవాళ్లు ఇన్నాళ్లూ సణుగుడు అనుకున్నది సర్వే నివేదిక అని గుర్తించాలి. అది వాళ్లకు ఉచితంగా దొరికింది.